గేటుకు కొత్తవి కొనండి, యార్డులో పాతవి ఉంచండి: గుజ్జు ఫ్యాక్టరీలకు బహిరంగ లేఖ

చిత్తూరు, తిరుపతి జిల్లాల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల యాజమాన్యాలకు, ర్యాంపులు (రైతుల నుంచి కాయ కొని తూచే కేంద్రాలు) నడిపేవారికి,

నమస్కారం.

తోతాపురి మామిడి దిగడానికి ముందు మీ టేబుళ్ళ మీదికి కొటేషన్లు వచ్చే కాలం ఇది. గేటు దగ్గర, కాటా దగ్గర, డ్రమ్ముల యార్డులో వాడే స్కానర్ మిషన్లన్నీ ఒక్కసారే మార్చెయ్యమంటారు. పాతవి విండోస్‌వి, ఇక పనికిరావు. కొత్తవి ఆండ్రాయిడ్‌వి, పదింతల వేగం అంటారు. కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టుంటుంది ఆ కాగితం. అందులో నిజం లేకపోలేదు గానీ, అది వాళ్ళు చూపించే చోట లేదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. గేటుకు, ర్యాంపుకు, కంటైనర్ లోడింగుకు కొత్తవి కొనండి. డ్రమ్ముల యార్డులో పాతవాటికి బ్యాటరీలు దొరికినన్నాళ్ళు నడపండి. వేగం కోసమని మాత్రం ఒక్క మిషను కూడా కొనకండి.

ముందు వేగం సంగతే చూద్దాం. పాత ఎంసీ9090 లాంటి పిస్టల్ పిడి మిషన్లో 624 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 మెగాబైట్ల ర్యామ్ ఉండేవి. అదే వరసలో తర్వాత వచ్చిన ఎంసీ9300లో ఎనిమిది కోర్ల 2.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 4 గిగాబైట్ల ర్యామ్. ర్యామ్ 64 రెట్లు పెరిగింది. డ్రమ్ము మీది లేబుల్ చదవడానికి పట్టే సమయం మాత్రం 64వ వంతుకు తగ్గలేదు, తగ్గదు కూడా. ఎందుకంటే ట్రిగ్గర్ నొక్కిన క్షణం నుంచి బీప్ వినపడే వరకూ పట్టేది పాతదాంట్లోనూ అర సెకను లోపే. మీ వాళ్ళు నిలబడి ఎదురుచూసేది బీప్ తర్వాత. మిషను వైఫైని వెతుక్కోవాలి, సర్వర్‌ను అడగాలి, సర్వర్ తన డేటాబేసులో వెతికి జవాబివ్వాలి. చేతిలోని మిషను మార్చినంత మాత్రాన ఆ మూడూ బాగుపడిపోవు.

నమ్మకం కుదరకపోతే ఈ పరీక్ష చేయించండి. పాత మిషనుతో యాభై డ్రమ్ములు వరసగా స్కాన్ చేయించి స్టాప్‌వాచ్‌తో సమయం రాసుకోండి. తర్వాత వైఫై ఆపేసి, డేటా మిషన్లోనే దాచుకునే పద్ధతిలో అవే యాభై మళ్ళీ చేయించండి. మొదటిసారి ఆరు నిమిషాలు, రెండోసారి రెండు నిమిషాలు పట్టిందనుకోండి, పోయిన నాలుగు నిమిషాలూ నెట్‌వర్కువి, సర్వర్‌వి. అక్కడ కొత్త మిషను పెట్టినంత మాత్రాన ఆ నాలుగు నిమిషాలు పోవు. రెండు సార్లూ దాదాపు సమానంగా వస్తేనే మిషనునో, లేబుల్‌నో అనుమానించాలి.

యార్డులో వైఫై ఎందుకు తడబడుతుందో కూడా చెప్పుకోవాలి. క్రిములు చేరకుండా గుజ్జు నింపి మూసే అసెప్టిక్ డ్రమ్ము అంటే రెండు వందల కిలోలకు పైగా గుజ్జు, దాని చుట్టూ ఉక్కు. గుజ్జులో ఎక్కువ భాగం నీళ్ళే. ఉక్కు తరంగాన్ని తిప్పికొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి. మే నెలలో ఖాళీ యార్డులో వైఫై పరీక్షించి అంతా బాగుందని సంతకం పెట్టించుకుని పోయే వాళ్ళుంటారు. ఆగస్టుకు మూడు వరసల ఎత్తున డ్రమ్ములు లేచాక సందుల్లో సిగ్నల్ ఉండదు. వైఫై పంచే యాక్సెస్ పాయింటును గోడకు కాకుండా సందు మధ్యన, డ్రమ్ముల ఎత్తుకు పైన వేలాడదీయండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్ళు తప్ప వేరేవి పెట్టనివ్వకండి. పక్కపక్క పాయింట్లకు ఒకే చానల్ ఇవ్వకండి. యార్డు నిండాక మళ్ళీ ఒకసారి కొలవండి. ఈ పనికయ్యే ఖర్చు ఒక కొత్త మిషను ఖర్చుకు కూడా రాకపోవచ్చు, కానీ ఉన్న మిషన్లన్నీ దీనివల్లే బాగుపడతాయి.

ఇక నిజంగా మారినవి ఏమిటి?

మొదటిది కన్ను. పాత మిషన్లలో చాలావాటిలో ఉండేది లేజర్. చిన్న అద్దం ఊగుతూ ఎర్ర గీత గీస్తుంది, ఆ గీత మీద పడిన నలుపు తెలుపులను చదువుతుంది. గీతల బార్‌కోడుకు అది చాలు. క్యూఆర్‌ను మాత్రం అది ఏ జన్మకూ చదవలేదు. సెట్టింగులు మారిస్తే చదువుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కొత్తవాటిలో ఉండేది ఇమేజర్, అంటే ఫొటో తీసి చదివే కెమెరా. ఇప్పుడు మీ గేటుకు వచ్చే బ్యాగుల బిల్లు, డ్రమ్ముల బిల్లు, చక్కెర బిల్లు అన్నింటి మీదా క్యూఆరే ఉంటోంది. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవరు దాటిన వాళ్ళతో మొదలైన ఈ-ఇన్‌వాయిస్, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటిన వాళ్ళ దాకా దిగింది. ఈ-వే బిల్లు మీదా క్యూఆరే. గేటు గుమాస్తా లారీని నిలబెట్టి బిల్లు నెంబరు, జీఎస్‌టీ నెంబరు వేలితో కొట్టుకునే పని ఇమేజర్ ఉంటే పోతుంది. గేటుకు కొత్త మిషను కొనమనడానికి మా మొదటి కారణం ఇదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ-ఇన్‌వాయిస్ క్యూఆర్‌లో ఉండేది మామూలు నెంబరు కాదు. డిజిటల్ సంతకంతో కలిపి ఉన్న పొడవాటి అక్షరాల మూట. అమ్మేవారి, కొనేవారి జీఎస్‌టీ నెంబర్లు, బిల్లు నెంబరు, తేదీ, విలువ, 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ఆ బిల్లుకు ఇచ్చే గుర్తింపు నెంబరు) అన్నీ అందులో ఇమిడి ఉంటాయి. మిషను దాన్ని చదివి యథాతథంగా స్క్రీన్ మీద పోస్తే గుమాస్తాకు కనపడేది అర్థంలేని అక్షరాల వరద. దాన్ని విప్పి గడుల్లో వేసే ప్రోగ్రాము కావాలి. కాబట్టి మిషను చూపించడానికి వచ్చినవారి చేతికి మీ పాత బిల్లు ఒకటిచ్చి, స్కాన్ చేసి బిల్లు నెంబరు ఒక గడిలో, మొత్తం ఇంకో గడిలో పడేట్టు చూపించమనండి. క్యూఆర్ కిక్కిరిసి ఉంటుంది కనుక, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద చిన్నగా ముద్రించిన బిల్లయితే మంచి ఇమేజర్ కూడా తడుముకుంటుంది. నలిగిన బిల్లు, తడిసిన బిల్లు, మడతలో క్యూఆర్ పడిన బిల్లు మూడూ దగ్గర పెట్టుకుని పరీక్షించండి. బ్రోషర్ మీద అచ్చేసిన క్యూఆర్‌ను ఏ మిషనైనా చదువుతుంది.

రెండోది భద్రత. దీన్ని అమ్మకందార్లు తక్కువగా చెబుతారు, నిజానికి బరువైన కారణం ఇదే. విండోస్ సీఈ 6.0కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2018 ఏప్రిల్ 10న ముగిసింది. విండోస్ ఎంబెడెడ్ హ్యాండ్‌హెల్డ్ 6.5కు 2020 జనవరి 14న, కాంపాక్ట్ 7కు 2021 ఏప్రిల్ 13న, కాంపాక్ట్ 2013కు 2023 అక్టోబరు 10న. ఆ తేదీ నాడు మిషను ఆగిపోలేదు, ఆగిపోదు కూడా. కానీ ఇంటర్నెట్ ముందుకు నడిచింది. 6.5లోని సొంత సెక్యూరిటీ భాగానికి టీఎల్ఎస్ (ఇంటర్నెట్‌లో డేటాను రహస్యంగా పంపే పద్ధతి) 1.0 వరకే వచ్చు, ఆ 1.0ను, 1.1ను 2021 మార్చిలో ప్రమాణాల నుంచే తీసేశారు. బయటి సర్వర్లు 1.2కు తక్కువైతే పలకవు. మీ సాఫ్ట్‌వేరును క్లౌడ్‌కు మార్చిన రోజునే పాత మిషన్లన్నీ మూగబోవడానికి కారణం అదే. వాటికి రోగమేమీ లేదు.

దీనికి మందుంది. ఫ్యాక్టరీ లోపల ఒక చిన్న లినక్స్ పెట్టె పెట్టించండి. పాత మిషన్లు ఆ పెట్టెతో తమకు వచ్చిన పాత భాషలోనే మాట్లాడతాయి, పెట్టె బయటి సర్వర్‌తో టీఎల్ఎస్ 1.2లో మాట్లాడుతుంది. పాత మిషన్లకు వేరే వీల్యాన్ (విడగొట్టిన నెట్‌వర్కు భాగం) ఇచ్చి, ఆ పెట్టెకు, దాని ఒక్క పోర్టుకు తప్ప ఎక్కడికీ దారి లేకుండా ఫైర్‌వాల్‌లో మూసెయ్యాలి. జీతాల కంప్యూటరు, సీసీ కెమెరాలు, పాత స్కానర్లు అన్నీ ఒకే నెట్‌వర్కులో ఉండే ఫ్యాక్టరీలే ఎక్కువ. ముందు విడగొట్టాల్సింది దాన్ని. ఇంకో సంగతి. కొత్త వైఫై పరికరాలు కొన్నప్పుడు వాటిని డబ్ల్యూపీఏ3 (వైఫై భద్రతలో కొత్త పద్ధతి) మాత్రమే అన్నట్టు పెడితే, లేదా 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ లాంటి తక్కువ వేగాలను ఆపేస్తే, పాత మిషన్లు కొన్ని అసలు చేరలేవు. పాతవాటి కోసం వేరే నెట్‌వర్కు పేరు పెట్టి, అందులో డబ్ల్యూపీఏ2 ఉంచండి.

మూడోది మొబైల్ నెట్‌వర్కు. ర్యాంపుల దగ్గర వైఫై ఉండదు, సిమ్ మీదే బతకాలి. పాత సిమ్ మిషన్లు 2జీ, 3జీ కాలానివి. ఎయిర్‌టెల్ 3జీని ఎప్పుడో ఎత్తేసింది, జియోకు మొదటి నుంచీ 2జీ, 3జీ లేనే లేవు. బంగారుపాళెం, దామలచెరువు వైపు ర్యాంపులకు పాత సిమ్ మిషను పంపడం దండగ.

నాలుగోది కొటేషన్లలో ఎవరూ రాయనిది, మా దృష్టిలో అన్నింటికన్నా రైతుకు పనికొచ్చేది: తెలుగు. పాత విండోస్ మిషన్లకు తెలుగు ఒత్తులు, గుణింతాలు కలిపి చూపించడం రాదు. అందుకే రైతు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, గుమాస్తాకు తోచిన స్పెల్లింగుతో ఎక్కుతూ వచ్చింది. రైతుకిచ్చే తూకం పట్టీ మీద ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక పేరు. 2025 సీజన్‌లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు రైతుకు చేరాలని నిర్ణయం జరిగినప్పుడు ఆ 4 రూపాయలకు ఆధారం ఏమిటి? ఏ రైతు ఎన్ని కిలోలు తోలాడన్న లెక్కే. పేరు తప్పు పడితే దాన్ని సరిచేయించుకోవడానికి తిరగాల్సింది రైతే. ఆండ్రాయిడ్ మిషన్లో తెలుగు మొదటి నుంచే ఉంటుంది. పేరు, ఊరు, తూకం, తరుగు, ధర తెలుగులో చూపించి, రైతు చదివి సరేనన్నాకే పట్టీ తీయవచ్చు.

పట్టీ ముద్రణలో మాత్రం ఒక చిక్కుంది. నడుముకు తగిలించుకునే బ్లూటూత్ థర్మల్ ప్రింటర్లకు సాధారణంగా తెలుగు అక్షరాలు తెలియవు. తెలుగు పంపితే ప్రశ్నార్థకాలో, చెత్త గుర్తులో వస్తాయి. ప్రింటరు మార్చక్కర్లేదు. పట్టీని మిషన్లోనే బొమ్మగా తయారు చేసి, ఆ బొమ్మను పంపాలి. రెండంగుళాలదని పిలిచే 58 మిల్లీమీటర్ల కాగితం ప్రింటరుకు అడ్డంగా 384 చుక్కలుంటాయి. 800 చుక్కల పొడవు పట్టీ అంటే 384ను 8తో భాగించి 800తో గుణిస్తే 38,400 బైట్లు. అదే ఇంగ్లీషు అక్షరాల పట్టీ వెయ్యి బైట్లు కూడా ఉండదు. అందుకే తెలుగు పట్టీ రావడానికి రెండు మూడు సెకన్లు ఎక్కువ పడుతుంది, బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది. ఎండలో, తేమలో తిరిగే కాగితం కనుక పట్టీ కొన్నాళ్ళకు వెలిసిపోతుంది. అదే పట్టీని రైతు ఫోనుకు మెసేజీగా కూడా పంపేట్టు రాయించండి. ఈ ఒక్క పని కోసం కొత్త మిషన్లు కొన్నా మేము తప్పు పట్టం.

ఇప్పుడు కొత్తవాటిలో పాతవాటికన్నా అధ్వాన్నమైనవి. బ్రోషర్లలో ఉండవు కనుక కాస్త వివరంగా రాస్తాం.

తాకే తెర. పాతవాటి తెర నొక్కితే పనిచేసే రకం. చేతికి గ్లవ్ ఉన్నా, వేలికి గుజ్జంటినా, పుల్లతో గీరినా ఒప్పుకుంటుంది. కొత్తవి ఫోను తెరలు. నీటి చుక్క పడితే వేలనుకుంటాయి, మందపాటి గ్లవ్ తొడిగితే వేలే లేదనుకుంటాయి. సెట్టింగుల్లో గ్లవ్ మోడ్, తడి వేలు మోడ్ ఉన్న మోడళ్ళున్నాయి, కొన్నిట్లో ఆ రెండూ ఒకేసారి పనిచేయవు. కాయ కడిగే చోట, గుజ్జు తీసే పల్పర్ దగ్గర, దాన్ని నింపే ఫిల్లర్ దగ్గర అంకెల బటన్లు ఉన్న మోడలే తీసుకోండి. నున్నటి తెర మిషను గేటు గుమాస్తాకు సరిపోతుంది.

ఆండ్రాయిడ్ స్వభావం. పాత విండోస్ మిషన్లో ప్రోగ్రాము తెరిస్తే మనం మూసే దాకా నడుస్తూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అని ఒకటి వచ్చింది. మిషనును పక్కన పెడితే బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే పనుల్ని నిద్రపుచ్చుతుంది. ర్యాంపులో స్కాన్ చేసిన నలభై ట్రాక్టర్ల లెక్క ఆఫీసుకు చేరలేదంటే చాలాసార్లు కారణం సిగ్నల్ కాదు, ఇదే. మీ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయింపు ఇప్పించాలి. ఆండ్రాయిడ్ 10 నుంచి మిషను వైఫైలో తన అసలు మ్యాక్ అడ్రసు (నెట్‌వర్కులో మిషను గుర్తింపు నెంబరు) కాకుండా తాత్కాలికమైనది చూపించడం మామూలైంది. రూటర్లో మ్యాక్ ఫిల్టర్ పెట్టుకున్న చోట కొత్త మిషను చేరకపోవడానికి కారణం అది. ఆ నెట్‌వర్కుకు అసలు మ్యాక్ వాడమని మిషన్లో మార్చుకోవాలి. ఆండ్రాయిడ్ 10 నుంచే మామూలు యాప్‌లకు మిషను సీరియల్ నెంబరు చదివే వీలు తీసేశారు, కాబట్టి సీరియల్ నెంబరుతో లైసెన్సు కట్టిన పాత యాప్‌లు మొరాయిస్తాయి. ఆండ్రాయిడ్ 14 అయితే మరీ పాత ఆండ్రాయిడ్ కోసం రాసిన యాప్‌ను ఇన్‌స్టాలే కానివ్వదు. ఇప్పటికే ఆండ్రాయిడ్ యాప్ ఉంది కదా, కొత్త మిషన్లో వేస్తే సరి అనుకునేవారు ఈ ముక్క ముందే పరీక్షించుకోవాలి.

విండోస్ ప్రోగ్రాము ఉన్నవారి సంగతి ఇంకా బరువు. అవి చాలావరకు పాత విండోస్ మిషన్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డాట్‌నెట్ కాంపాక్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో రాసినవి. కాంపాక్ట్ 2013 మిషన్లను మినహాయిస్తే, వాటిని తయారుచేయగల చివరి విజువల్ స్టూడియో (ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేరు) 2008 నాటిది. ఆండ్రాయిడ్‌లోకి మార్చడం అంటే మార్చడం కాదు, మొదటి నుంచి రాయడం. కొటేషన్లో మిషను ధర పక్కన ఈ ఖర్చు లేకపోతే, అది సీజన్ మధ్యలో వచ్చి నెత్తిన పడుతుంది.

నీటి రక్షణ అంకెలు కూడా జాగ్రత్తగా చదవాలి. ఐపీ65లో 5 అంటే పైపుతో కొట్టిన నీళ్ళను తట్టుకుంటుంది. ఐపీ67లో 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట. రెండూ మంచినీళ్ళతో చేసిన పరీక్షలే. మీ లైన్లు కడిగే వేడి కాస్టిక్ సోడాతో, క్లోరిన్ నీళ్ళతో చేసినవి కావు. ఒత్తిడితో కొట్టే వేడినీళ్ళకు ఐపీ69 అని వేరే ఉంది. షిఫ్టు చివర మిషనును గొట్టం కింద పెట్టి కడిగే అలవాటు మాన్పించండి. తడిగుడ్డ, తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. బ్లీచింగ్ తగిలిన ప్లాస్టిక్ పెళుసుబారి, స్క్రూల చుట్టూ చీలుతుంది. ఒకసారి చీలాక 67 అనే అంకెకు అర్థం లేదు.

అసలు సమస్య మన సీజన్. ఫ్యాక్టరీ నడిచేది జూన్ నుంచి ఆగస్టు దాకా. మిగిలిన కాలమంతా ఈ మిషన్లు బీరువాలో. ఎక్కువ మిషన్లు పాడయ్యేది వాడకంలో కాదు, ఈ నిద్రలో. లిథియం బ్యాటరీని పూర్తిగా నింపి వేడిగదిలో పెట్టినా పాడవుతుంది, ఖాళీగా పెట్టినా పాడవుతుంది. ఖాళీదాంట్లో వోల్టేజి మరీ కిందికి జారితే లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని ఛార్జి కానివ్వదు. సీజన్ ముగియగానే బ్యాటరీలు మిషన్ల నుంచి తీసి, సగం ఛార్జితో, ఆఫీసులో చల్లగా ఉండే గదిలో పెట్టండి. మూడు నెలలకోసారి చూసి, తగ్గితే మళ్ళీ సగానికి తెండి. ఉబ్బినదాన్ని అదే రోజు పక్కన పడెయ్యండి, నొక్కి సర్ది వాడొద్దు. పాత మిషన్లలో పెద్ద బ్యాటరీతో పాటు లోపల చిన్న బ్యాకప్ బ్యాటరీ ఒకటుంటుంది. అది చచ్చిపోతే, షిఫ్టు మధ్యలో పెద్ద బ్యాటరీ మార్చిన క్షణాన మిషను మొదటి నుంచి లేస్తుంది. పంపకుండా ర్యామ్‌లో మిగిలిన స్కాన్లు పోతాయి. పాత మిషను డేటా తినేసిందన్న ఫిర్యాదుల్లో దీని వాటా పెద్దది. బ్యాకప్ బ్యాటరీ మార్చడం చిన్న పని.

ఆండ్రాయిడ్ మిషన్లు నెలల తరబడి నిద్రపోయి లేస్తే ఇంకో తంతు. గడియారం ఎక్కడో ఆగి ఉంటుంది. తేదీ తప్పుంటే సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవు, సర్వర్ కలవదు, అందరూ వైఫైని తిడతారు. తేదీ సరిచేయగానే పేరుకున్న అప్‌డేట్లన్నీ ఒకేసారి దిగడం మొదలవుతుంది. అందుకే మే మొదటి వారంలో అన్నిటినీ లేపి, తేదీ సరిచేసి, అప్‌డేట్లు పూర్తి చేసి, యాప్ పరీక్షించి, ఆ తర్వాత ఆగస్టు చివరి దాకా అప్‌డేట్లు ఆపించండి. జూన్ మూడో వారంలో, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు మిషను తనంతట తాను అప్‌డేటుకు కూర్చుంటే గుమాస్తా మళ్ళీ పుస్తకం తెరవాల్సిందే.

ఎండ గురించి ఒక్క మాట. ర్యాంపు షెడ్డులో మధ్యాహ్నం మిషను ఛార్జి కావడం లేదంటే అది చెడిపోయిందని కాదు. బ్యాటరీ 40, 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ ఆపేసుకోవడం దాని ధర్మం. పాతదైనా కొత్తదైనా అంతే. బండి డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. ఛార్జర్ నీడలో, గాలి తగిలే చోట ఉంచండి. మిషనుకు ఒకటి చొప్పున అదనపు బ్యాటరీ తప్పదు. బ్యాటరీ విప్పడానికి వీల్లేని మోడల్ ఎంత చవకైనా ర్యాంపుకు వద్దు.

మామూలు ఫోను చాలదా అని అడిగేవాళ్ళున్నారు. రోజుకు వంద, రెండొందల స్కాన్లయితే చాలు. ఆఫీసు స్టాకు లెక్కకు, కార్టన్‌లో ఆరేసి ఉండే 3.1 కిలోల డబ్బాల లెక్కకు ఫోను కెమెరా సరిపోతుంది. వేల స్కాన్లయితే ప్రతిసారీ ఫోకస్ కోసం ఆగడం, తెర మీద బటన్ నొక్కడం, వేడెక్కి మందగించడం కలిసి మనిషిని విసిగిస్తాయి.

యార్డులో పాత లేజర్ ఎందుకు చాలంటున్నామంటే, అక్కడ చదవాల్సింది మీరే ముద్రించిన గీతల బార్‌కోడు. అది చదవడం లేదంటే ముందు లేబుల్ చూడండి. డైరెక్ట్ థర్మల్ కాగితమైతే ఎండలో నల్లబడుతుంది, వెలుస్తుంది. ప్లాస్టిక్ లేబుల్, రెజిన్ రిబ్బనుతో థర్మల్ ట్రాన్స్‌ఫర్ ముద్రణ వాడండి. సన్నగీత మందం 0.33 మిల్లీమీటర్ల కన్నా తగ్గనివ్వకండి. ఫోర్క్‌లిఫ్ట్ మీంచి చదవాలంటే దానికి మూడు నాలుగు రెట్లు పెంచండి. కోడుకు రెండు వైపులా సన్నగీత మందానికి పదింతల ఖాళీ వదలాలి. మూత మీద ఒక్కటే అంటించి ఊరుకోకండి, మూతలు మారిపోతాయి. డ్రమ్ము ఒంటికి ఎదురెదురుగా రెండు అంటించండి. లేబుల్ మీద మెరుపు కొడితే మిషనును పది పదిహేను డిగ్రీలు వంచి చదివించాలి. ఇరవై మీటర్ల నుంచి చదువుతుందని రాసిన స్కానర్ ఇంజన్‌కు ఆ దూరం కుదిరేది పలకంత పెద్ద రిఫ్లెక్టివ్ లేబుల్ మీదే, మీ డ్రమ్ము లేబుల్ మీద కాదు.

పాతవాటి విడిభాగాలు వెతికేటప్పుడు పేర్లు తికమకపెడతాయి. ఒకే మిషను మీద సింబల్ అని, మోటొరోలా అని, జీబ్రా అని ఉండొచ్చు. సింబల్‌ను 2007లో మోటొరోలా కొంది, ఆ వ్యాపారాన్ని 2014లో జీబ్రా కొంది. పేరు కాకుండా మోడల్ నెంబరుతో, బ్యాటరీ మీది పార్ట్ నెంబరుతో వెతకండి. పాతవి అమ్మాలంటే అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. మార్పిడిలో ఇచ్చే నాలుగు రాళ్ళ కోసం ఇచ్చెయ్యకండి. చెడిన రెండింటి కీప్యాడు, స్కానర్ కిటికీ అద్దం, పిడి తీసి దాచుకుంటే మిగిలిన నాలుగు ఇంకా నడుస్తాయి. వాటి ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసే క్యాబ్ ఫైళ్ళు, సెట్టింగులు ఇప్పుడే ఎస్‌డీ కార్డులోకి కాపీ తీయించండి. విండోస్ 10, ఆ తర్వాతి కంప్యూటర్లతో పాత మిషను కలిపే మొబైల్ డివైస్ సెంటర్ సరిగ్గా పనిచేయదు. పాత విండోస్ 7 ల్యాప్‌టాప్ ఒకటి ఇంటర్నెట్ తగలకుండా దాచిపెట్టుకోండి.

కంటైనర్ లోడింగ్ దగ్గర కొత్త మిషను కెమెరాకు విలువుంది. కంటైనర్ నెంబరు, సీలు నెంబరు, లోపలి వరసలు సమయంతో సహా ఫొటో తీసి అదే లోడు రికార్డుకు తగిలించవచ్చు. చెన్నై రేవులో లెక్క తేడా వస్తే చూపించడానికి ఆధారం ఉంటుంది.

కొనేముందు అమ్మకందారు దగ్గర రెండు మిషన్లు మూడు రోజులు తెప్పించుకోండి. మధ్యాహ్నం ఎండలో తెర కనపడుతుందా, తడిచేతితో అంకెలు పడతాయా, ఒకే బ్యాటరీతో షిఫ్టంతా నడుస్తుందా, బ్యాటరీ మార్చినప్పుడు మిషను ఆగకుండా నిలబడుతుందా, సిగ్నల్ లేని చోట చేసిన స్కాన్లు తర్వాత ఒక్కసారే, రెండుసార్లు కాకుండా చేరతాయా అన్నది మీ మనుషుల చేతే పరీక్ష చేయించండి. సెట్టింగుల్లో అబౌట్ కింద ఆండ్రాయిడ్ వెర్షన్, చివరి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఉంటాయి. ప్యాచ్ తేదీ ఏడాది పాతదైతే, అట్టపెట్టె ఎంత కొత్తదైనా అది పాత మిషనే. ఇంకా ఎన్నేళ్ళు ప్యాచ్‌లు వస్తాయో, జూన్ నుంచి ఆగస్టు లోపల మిషను చెడితే ఎన్ని రోజుల్లో మారుస్తారో, అదనపు బ్యాటరీ, ఛార్జింగ్ స్టాండు ధరలెంతో కొటేషన్ మీదే రాయించుకోండి. పాత స్టాండులో కొత్త మిషను కూర్చోదు.

ఆరు పాత మిషన్లున్న ఫ్యాక్టరీకి మా లెక్కలో కావాల్సినవి మూడు కొత్తవి: గేటుకు ఒకటి, లోడింగుకు ఒకటి, ర్యాంపుకు ఒకటి. తెలుగు పట్టీ వచ్చే యాప్‌తో సహా. మిగిలే డబ్బుతో యార్డు వైఫై సరిచేయించండి. ఏప్రిల్ నెలాఖరుకు ఆర్డరిస్తే మే అంతా పరీక్షకు దొరుకుతుంది. జూన్‌లో ఆర్డరిచ్చేట్టయితే ఈ ఏడాదికి పాతవాటితోనే కానివ్వండి.

ఇట్లు,
చేతి మిషన్లు బాగుచేసే, వాటికి ప్రోగ్రాములు రాసే పనివాళ్ళం,
తిరుపతి